ఆమె ఎందుకు ఏడ్చిందో

రూపశ్రీ వచ్చిందనుకుని తీసిన తలుపు బయట రూపశ్రీ లేదు. ఆమె అత్త వసంతమ్మ ఉంది. గడియ మీద చెయ్యి అలాగే ఉంచి, లోపలికి రమ్మనాలో వద్దో తెలియక లోకేశ్వరి నిలబడిపోవడం దగ్గర పోయిన వారం ఆగాం.

అంతకుముందు జరిగింది చిన్నదే. చిత్తూరు శివారులో ఒక చిన్న చర్చి ఉంది. దాని ఫేస్‌బుక్ పేజీ చూసుకునేది లోకేశ్వరి. రోజూ పొద్దున ఒక బైబిలు వాక్యం చదివి, దాని మీద నాలుగు మాటలు తన గొంతుతో చెప్పి అందులో పెడుతుంది. ఆ గొంతు విని కాణిపాకం నుంచి ఒక అమ్మాయి ఆదివారాలు చర్చికి రావడం మొదలుపెట్టింది. గుడి వీధిలో కొబ్బరికాయల అంగడి వాళ్ళ కోడలు, రూపశ్రీ. ఒక ఆదివారం ఆమె తల మీద కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని, ముఖం పైకెత్తి ఏడుస్తుంటే కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ చెంపల మీద పడింది. లోకేశ్వరి ఫొటో తీసింది. పేరు రాయలేదు. ఓదార్పు గురించిన వాక్యం ఒకటి కింద రాసి పేజీలో పెట్టింది. ఫొటో ఎక్కడెక్కడికో వెళ్ళింది. రూపశ్రీ మాత్రం మళ్ళీ రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"నువ్వేనా పాపా, పొద్దున్నే ఫోన్లో మాట్లాడేది?" అంది వసంతమ్మ.

"నేనేనమ్మా. లోపలికి రండి."

కింద వాటాలోంచి ఇంటి ఓనరు అలివేలమ్మ గొంతు వినిపించింది. "ఎవురు లోకేశ్వరీ వచ్చింది? చుట్టాలా?"

"తెలిసినవాళ్ళే అత్తా!"

"తెలిసినోళ్ళమేనా మనం?" అంది వసంతమ్మ మెల్లగా, చెప్పులు గోడకు ఆనించి విడుస్తూ. చేతిలో గుడ్డసంచీ. అందులోంచి రెండు కొబ్బరికాయలు తీసి బల్ల మీద పెట్టింది. "కొట్లాటకు పోయినా వట్టి చేతుల్తో పోయే అలవాటు ల్యా మాకు. దేవుడికి పెట్టినవి కావులే, అంగట్లోవి. నువ్వు తినచ్చు."

లోకేశ్వరి కాయలు చేతిలోకి తీసుకుంది. దేవుడికి అర్పించినవి చర్చివాళ్ళు తినరని తెలిసి, దాన్ని తప్పు పట్టకుండా, విడిగా ఏరి తెచ్చిన మనిషి. ఆమె తిడుతూ వచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

కుర్చీ వేసింది. వసంతమ్మ అందులో కూర్చోలేదు, గోడకు ఆనుకుని చాప మీద కూర్చుంది. గది చుట్టూ చూసింది. సర్దిన పక్క, ఒకే ఒక కంచం బోర్లించిన స్టాండు, కిటికీలో ఫోన్ నిలబెట్టే ఇనుప కాడ.

"మీ ఇంటాయన?"

"శ్రీ సిటీలో ఉద్యోగం. అక్కడే రూమ్. సెలవు దొరికినప్పుడు వస్తారు."

"పిల్లోళ్ళు?"

"లేరు."

వసంతమ్మ ఆ రెండో జవాబు మీద ఏమీ అనలేదు. చాలామంది అంటారు. సంచీ అడుగు నుంచి ఫోన్ తీసి, తెర మీద వేలితో వెతికి, లోకేశ్వరి ముందుకు జరిపింది.

"ఇది సదువు. నాకు అక్షరాలు వస్తాయి, అయినా నువ్వు సదువు. నోటితో."

అదే ఫొటో. కానీ అంచులు కత్తిరించి, రంగు ముదరబెట్టి, చెంప మీది తడి ఇంకా మెరిసేట్టు చేశారు. పైన ఎర్రటి అక్షరాలు. లోకేశ్వరి చదివింది. "భర్త రోజూ తాగి కొడుతున్నా ప్రార్థన మానని సోదరి. ఈమె కోసం ఆమెన్ అని టైప్ చేయండి. ఆగకుండా అందరికీ పంపండి."

"ఇంకొకసారి."

లోకేశ్వరి ఫోన్ వెనక్కి జరిపింది.

"గూడూరు నించి ఒకామె వచ్చింది స్వామి దర్శనానికి," అంది వసంతమ్మ. "మా అంగట్లోనే కాయ తీసుకునింది. తీసుకుని మా కోడల్ని సూసి, ఫోన్ తీసి సూసి, మళ్ళీ సూసి, 'అయ్యో నువ్వేనా తల్లీ, నీ కోసం మేమంతా ప్రార్థన చేస్తాండాం' అనె. అని నా కొడుకు మునికుమార్ని సూసింది. ఆ సూపు సూడల్ల నువ్వు. వాడు కాయకు పీచు తీస్తాండాడు. చేతిలో కాయ అట్లే కింద పెట్టేసి లేసి పోయినాడు."

"అమ్మా..."

"ఇంగా ఉండాది, విను. పక్క అంగడోళ్ళు ఇప్పుడు రోజూ ఇదే. 'ఏమప్పా మునీ, కొట్టేదానికి కాయలు సాల్లేదా నీకు?' అంటారు. నవ్వుతారు. వాడూ నవ్వుతాడు. వాడికి కోపం రాదు పాపా, అదే వాడి కర్మ. టీ తప్ప ఇంకోటి తాగి ఎరగడు నా కొడుకు."

"ఆ మాటలు నేను రాయలేదమ్మా," అంది లోకేశ్వరి. అది నిజం. ఆ నిజాన్ని పట్టుకుని నిలబడాలనుకుంది. తన ఫోన్ తెచ్చి, పేజీ తెరిచి, అసలు ఫొటో చూపించింది. "ఇదీ నేను పెట్టింది. వాక్యం తప్ప ఏమీ లేదు చూడండి. పేరు కూడా రాయలేదు. ఎవరో తీసుకుని..."

వసంతమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. పీచు తీసి తీసి మొద్దుబారిన బొటనవేలు తెర మీద సరిగా పనిచేయదు. అయినా ఓపికగా కిందికి జరిపింది. ఆమెన్, ఆమెన్, ఆమెన్. చేతులు జోడించిన బొమ్మలు. మధ్యలో ఎవరో ఒకామె అడిగింది. ఎందుకు ఏడుస్తోంది సిస్టర్?

ఆ కింద జవాబు లోకేశ్వరిది. వసంతమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"కు-టుం-బ సమస్యలు. భర్త మా-రు-మనస్సు కోసం ప్రా-ర్థించండి."

లోకేశ్వరి ఆ జవాబు రాసిన సంగతే మరచిపోయింది. కుక్కర్ కట్టేయడానికి లేస్తూ, ఒక చేత్తో, ఆలోచించకుండా రాసిన మాట. అలాంటివి రోజుకు ఎన్నో రాస్తుంది.

"మారుమనస్సు అంటే ఏంది పాపా?"

"అంటే... తప్పుదారిలో ఉన్నవాళ్ళు అది వదిలి, మనసు మార్చుకోవడం."

"మావోడు యా తప్పుదారిలో ఉండాడు?"

లోకేశ్వరి చేయి చాచి ఫోన్ తీసుకుంది.

"ఆ బిడ్డ సెప్పిందా నీకు, నా మొగుడు ఇట్లాంటోడని?"

"లేదమ్మా."

"మరి ఎవురు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే... మా దగ్గర ప్రార్థనలో ఏడ్చే ఆడవాళ్ళు చాలావరకు భర్త గురించే ఏడుస్తారు. ఈమె కూడా అందుకే అనుకున్నాను."

వసంతమ్మ నవ్వింది. నవ్వు కళ్ళ దాకా రాలేదు. "అంటే మీ గుళ్ళో ఏడ్పుకు ముందే చీటీ కట్టి పెట్టుంటారన్నమాట. ఎవురొచ్చినా అదే."

చర్చి ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు పది ఆజ్ఞలు నేర్పేది లోకేశ్వరే. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న దగ్గరికి వచ్చేసరికి పిల్లలకు అర్థం కాదని, కోర్టు, బోను, జడ్జి అంటూ కథ కట్టి చెబుతుంది. తన వంటింట్లో, కుక్కర్ విజిల్ మధ్య, ఒక చేత్తో కూడా ఆ పని చేయవచ్చని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. ఎర్ర అక్షరాలు ఎవరో రాసి ఉండవచ్చు. వాటికి విత్తనం తన మాటే.

"నేను కొట్లాటకు రాల్యా," అంది వసంతమ్మ. గొంతు మారింది. "కొట్లాడాలంటే ఆ పొద్దే వచ్చిందును. ఆ బిడ్డ ఆదివారం అంగడి సరుకు తెస్తానని చెప్పి మీ కాడికి వస్తాండాదని నాకు ముందే తెలుసు. పోనీలే అనుకున్నా. మనసు బాగుండేదానికి ఒక సోటు కావల్ల, యాడైతే ఏమి. మా ఇంటికొచ్చి ఇన్నేండ్లాయె, ఆ బిడ్డ కంట్లో నీళ్ళు నేను సూడ్లేదు. మొదట సూసింది నీ ఫోన్లో. అత్తకు అది ఎట్ల ఉంటాదో నీకు తెల్సునా?"

లోకేశ్వరి చాప అంచున కూర్చుంది.

"అడిగితే సెప్పదు. తింటాది, పని చేస్తాది, గమ్మునుంటాది. మావోడూ అడగడు, భయం. అందుకని నీ కాడికి వచ్చినా. ఈడ ఏడ్చింది కదా, ఈడ సెప్పింటాదని. సెప్పు పాపా. ఎందుకు ఏడ్చింది నా కోడలు?"

ఇందుకోసమా ఈమె ఎండన పడి బస్సు మారి వచ్చింది! లోకేశ్వరికి ఆ ఆదివారం ఉన్నట్టుండి కళ్ళ ముందుకు వచ్చింది. ఆరాధన అయిపోయాక అందరూ వెళ్ళిపోతున్నారు. చెప్పులు విడిచే చోట రూపశ్రీ నిలబడి ఉంది. "అక్కా, రవంతసేపు మాట్లాడల్ల," అంది. "ఉండమ్మా, ఇది పెట్టేసి వస్తా," అంది తను, తల ఎత్తకుండా. ఫొటోలో వెలుతురు ఎక్కువైందా తక్కువైందా అని చూస్తోంది. తల ఎత్తేసరికి చెప్పుల చోటు ఖాళీ. ఎండకు ఆగలేక వెళ్ళి ఉంటుందనుకుంది. ఆ తర్వాత ఆమె కన్నీళ్ళను ఎక్కడెక్కడి వాళ్ళో చూశారు. ఎవరూ ఆమెను ఒక్క మాట అడగలేదు.

"నాకు తెలియదమ్మా," అంది. "నేను అడగలేదు."

వసంతమ్మకు తిట్టడానికి కావలసినంత దొరికింది. తిట్టలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద వేసుకుని, "అయితే నీకూ తెల్దు," అంది, బస్సు తప్పిపోయిన మనిషిలా.

లోకేశ్వరి ఫొటో తీసేసింది. తీసేయడం తేలిక, ఒక్క వేలి పని. "తీసేశానమ్మా," అని చూపించింది.

"నీ కాడ తీసేస్తే గూడూరామె ఫోన్లో పోతాదా?"

"పోదు."

"మరి?"

రాయాలి. లోకేశ్వరి రాయడం మొదలుపెట్టింది. రాసింది చదివి వినిపించింది. "కొన్ని కారణాల వలన పై ఫొటో తొలగించడమైనది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"కరెంటాఫీసోళ్ళు రాసినట్ల ఉండాది," అంది వసంతమ్మ. "ఎవురికి కరెంటు పోయింది ఈడ?"

అది చెరిపేసి మళ్ళీ రాసింది. తొందరపాటున పెట్టాననీ, దేవుడు తనను క్షమించాలనీ.

"మీ దేవుడు క్షమిస్తాడులే, అది మీరూ మీరూ సూసుకోండి. మావోడి మాట యాడుంది ఇందులో?"

లోకేశ్వరి ఫోన్ పట్టుకుని కూర్చుంది. మావోడి మాట రాయాలంటే ముందు ఇంకో మాట రాయాలి. తనకు ఏమీ తెలియకపోయినా తెలిసినట్టు రాశానని. ఆ పేజీలో రోజూ పొద్దున్నే ఆమె గొంతు కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. మదనపల్లె నుంచి ఒక టీచరు, ఎక్కడో ఆస్పత్రిలో పడుకున్న ఒక ముసలాయన, పేరు కూడా తెలియని వాళ్ళు. 'మీ మాట వినకపోతే మాకు తెల్లారదు సిస్టర్' అంటారు. వాళ్ళకు తెల్లవారుతుందో లేదో గాని, లోకేశ్వరికి తెల్లవారేది వాళ్ళతోనే. మొదటి ఆమెన్ వచ్చాకే ఆమె కాఫీ పెట్టుకుంటుంది. తర్వాత రాత్రి దాకా ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేది అలివేలమ్మ ఒక్కతే, అదీ నీళ్ళ మోటారు కట్టెయ్యమని.

ఈ మాట రాస్తే వాళ్ళు ఉంటారా? ఉండరు. ఉన్నా ఇదివరకటిలా వినరు.

వసంతమ్మ తొందరపెట్టలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

లోకేశ్వరి మూడోసారి రాసింది. రాసింది చదివేటప్పుడు గొంతు పొద్దుటి గొంతులా లేదు.

"ఒక సోదరి ప్రార్థనలో ఏడుస్తుండగా నేను ఫొటో తీసి ఇక్కడ పెట్టాను. ఆమెను అడగలేదు. ఆమె ఎందుకు ఏడ్చిందో నాకు తెలియదు. తెలియకపోయినా ఆమె భర్త గురించి ఒక మాట రాశాను. అది అబద్ధం. ఆ అబద్ధం నుంచే తాగుడు, కొట్టడం అన్న పెద్ద అబద్ధం పుట్టింది. ఆయన ఎవరికీ కీడు చేసిన మనిషి కాదు. ఆయనను, ఆ ఇంటివాళ్ళను క్షమించమని అడుగుతున్నాను. ఆ ఫొటో మీ దగ్గర ఉంటే దయచేసి తీసేయండి. ఆమె కోసం ప్రార్థన చేయాలనిపిస్తే మీలో మీరు చేయండి, పంపకండి."

"ఊ," అంది వసంతమ్మ. "ఇప్పుడు మనిషి రాసినట్ల ఉండాది."

లోకేశ్వరి 'పోస్ట్' నొక్కింది.

కాసేపు ఏమీ రాలేదు. ఆ తర్వాత వచ్చినవి ఆమెన్‌లు కావు. 'సిస్టర్, మీరేనా ఇది రాసింది?' 'సైతాను శోధనలో పడ్డారు, మీ కోసం ప్రార్థిస్తాం.' 'ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేశారా?' మదనపల్లె టీచరు ఏమీ రాయలేదు. పేజీలోంచి వెళ్ళిపోయింది. పేజీ చూసేవాళ్ళ లెక్క ఒక్కొక్కటిగా తగ్గడం తెర మీద కనిపిస్తుందని లోకేశ్వరికి ఇదివరకు తెలియదు. పేజీ మూసేసింది.

వెంటనే ఫోన్ మోగింది. చర్చి పాస్టరు దయానంద్ గారు.

"ఏమ్మా లోకేశ్వరీ, ఏంది ఇట్లా రాసినావు? వచ్చే ప్రార్థన సభలకు ఆ ఫొటోనే ఫ్లెక్సీ కొట్టమని చెప్పేసినానే. ఎంతమందిని కదిలించిందమ్మా ఆ ముఖం! పేరు లేదు, ఊరు లేదు, ఏం నష్టం?"

"ముఖం ఉంది కదా అయ్యగారూ."

ఆయన ఇంకేదో అనబోతుండగానే మళ్ళీ అంది.

"ఆ అమ్మాయిని ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు."

"నేనూ అడగలేదమ్మా," అన్నారాయన. గొంతులో నొప్పి ఉంది, కోపం లేదు. "ఫ్లెక్సీకి చందా ఇచ్చినోళ్ళకు ఏం చెప్పాలో... సరే. ఫ్లెక్సీ ఆపమంటాను. పేజీ మాత్రం కొన్నాళ్ళు నువ్వు చూడవద్దులే. వేరే వాళ్ళకు అప్పచెబుతా. తప్పుగా అనుకోవద్దు."

"అనుకోను అయ్యగారూ," అంది. ఫోన్ పెట్టేశాక కిటికీలోని ఇనుప కాడ వైపు చూసింది. రేపు పొద్దున లేచి ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

"ఏమంటాడు మీ అయ్యగారు?"

"ఫ్లెక్సీ ఆపుతామన్నారు."

"నిన్నేమన్నాడు?"

"ఏమీ లేదమ్మా. కాఫీ పెడతాను ఉండండి."

కాఫీ తాగుతూ వసంతమ్మ చక్కెర తక్కువైందని చెప్పింది. లోకేశ్వరి తెచ్చి వేసింది. ఆ ఇంట్లో రెండు గ్లాసులు కింద పెట్టిన చప్పుడు విని ఎన్నాళ్ళైందో. గ్లాసులు కడుగుతుంటే మళ్ళీ ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయి. ఇంకెవరో తిట్టడానికి చేసి ఉంటారనుకుంటూ వచ్చి, పేరు చూసి, చిటికెన వేలితో స్పీకరు నొక్కింది.

"అక్కా..."

రూపశ్రీ. వెనక అంగడి వీధి సందడి, ఎక్కడో మైకు.

"సూసినానక్కా నువ్వు రాసింది. మా ఆయనకు కూడా సూపించినా. సదివి, ఏం మాట్లాడకుండా పోయి అంగట్లో కూసున్నాడు. మళ్ళీ కాయలకు పీచు తీస్తాండాడు." ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "అక్కా, ఆ పొద్దు నీకు సెప్పాలనుకున్నా. ఈ పొద్దు సెప్పేస్తా. ఎవురికీ సెప్పకుండా ఉండేది ఇంగ నా చేత కాదు. ఎందుకు ఏడ్చినానంటే..."

వసంతమ్మ చాప మీద ముందుకు వంగింది. ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చేత్తో లోకేశ్వరికి సైగ చేసింది. గమ్మునుండు. చెప్పనీ.

ఊరుకుంటే చాలు. ఈ పెద్దావిడ అంత దూరం నుంచి వచ్చినందుకు ఫలితం దక్కుతుంది. తనకూ తెలుస్తుంది. ఎవరికీ చెడు జరగదు, మంచే జరగవచ్చు. ఫొటో పెట్టినప్పుడు కూడా ఇలాగే అనుకుంది.

"రూపా, ఆగమ్మా," అంది లోకేశ్వరి. "ఇది స్పీకర్లో ఉంది. మీ అత్త ఇక్కడే ఉన్నారు. వింటున్నారు."

వసంతమ్మ చెయ్యి నోటి మీంచి జారింది. ఆమె చూసిన చూపులో అంతకు ముందు లేని కోపం ఉంది. కొట్టడానికైనా సిద్ధంగా ఉన్నట్టుంది.

అటువైపు మైకు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక పెట్టేస్తుందనుకుంది లోకేశ్వరి.

"మా అత్త యాడికి వచ్చింది?" అంది రూపశ్రీ. "నీ ఇంటికా? ఎందుకు?"

"నువ్వు ఎందుకు ఏడ్చావో నన్ను అడగడానికి."

అటువైపు ఏదో విరిగినట్టు చప్పుడు, ఏడుపో నవ్వో తెలియలేదు.

"ఫోన్ అత్తకియ్యక్కా. స్పీకరు తీసెయ్యి."

లోకేశ్వరి తడి చెయ్యి చీరకు తుడుచుకుని స్పీకరు తీసేసి, ఫోన్ వసంతమ్మ చేతికి ఇచ్చింది. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. వంటింట్లోకి వెళ్ళింది. అక్కడికీ మాట వినిపిస్తుంది. కడిగిన గ్లాసులే మళ్ళీ తీసి, కుళాయి తిప్పి, నీళ్ళ కింద పట్టింది.

నీళ్ళ చప్పుడులోంచి ముందు వసంతమ్మ ఊకొట్టడం వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. లోకేశ్వరి చూడకూడదనుకుంటూనే చూసింది. వసంతమ్మ ఎప్పుడు లేచిందో, గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. చూస్తుండగానే ఆ చెయ్యి గోడ వెంబడి మెల్లగా కిందికి జారింది. మనిషి కూలబడినట్టు నేల మీద కూర్చుంది.

"ఎప్పట్నించి బిడ్డా?" అంది ఫోన్లోకి, ఆ గొంతు ఆమెదే అంటే నమ్మలేనంత చిన్నగా. "మునికి తెలుసునా?"

లోకేశ్వరి ముఖం తిప్పుకుని కుళాయి ఇంకా తిప్పింది. వచ్చినంత ధారగా రానిచ్చింది.